పానా తగలని ఇంజిన్

శనివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. నాలుగు పిస్టన్లను శుభ్రం చేసి, వాటికి కొత్త రింగులు తొడిగి, ఆదివారం సాయంత్రానికి మామగారి కారు స్టార్టు చేయాలి. సోమవారం అతని భార్య స్కూల్లో కొత్త ఉద్యోగంలో చేరుతోంది. ఆ స్కూలు ఊరికి అవతలి కొసన ఉంది. రెండు బస్సులు మారాలి. అందులో రెండోది వస్తుందో రాదో దాని డ్రైవరుకే తెలియదు. కారు ఉంటే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే నెల తిరక్కుండానే మానుకోవాల్సి వస్తుందని భార్యాభర్తలిద్దరికీ తెలుసు.

మామగారు కారు ఇస్తానన్నారు, కానీ షరతు పెట్టారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆయన, షరతు లేకుండా గ్లాసుడు మంచినీళ్లు కూడా ఇవ్వరు.

"ఈ ఇంజిన్‌కి ఇంతవరకు పానా తగల్లేదు అల్లుడూ. రింగులు అరిగాయంటున్నావు, మార్చుకో. పిస్టన్లు మాత్రం కంపెనీ వేసినవే ఉండాలి. అవి మార్చిన రోజు ఇది నా కారు కాదు. నాది కానిదాన్ని నీకెలా ఇస్తాను?"

ఇంజిన్ అంత పదిలంగా ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆయన కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ఇరవై ఏళ్ల కిందట ఆయన ఆఫీసు శిక్షణ కోసం రెండు నెలలు వేరే ఊళ్లో ఉన్నారు. తిరిగొచ్చి కారు తీస్తే పొగ లేదు, చప్పుడు లేదు, ఎత్తు మీద కూడా లేడిపిల్లలా ఉరికింది. మనిషిలాగే ఇంజిన్‌కీ విశ్రాంతి కావాలన్న సత్యం ఆయనకు ఆనాడే బోధపడింది. అప్పట్నుంచి ఏటా రెండు నెలలు కారు మీద గుడ్డ కప్పి ఉంచుతారు. ఆ రెండు నెలలూ ఇల్లంతా నడుస్తుంది. అత్తగారు కూరగాయల సంచులు చెరో చేత్తో మోసుకుంటూ నడుస్తారు. ఆమె ఈ సిద్ధాంతానికి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. భార్య మౌనాన్ని మామగారు అంగీకారం కింద జమకట్టుకున్నారు.

అల్లుడు బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంజిన్ల గురించి పుస్తకాలు చదివి, సెలవురోజుల్లో స్నేహితుల బళ్ల మీద ప్రయోగాలు చేసి కొంత నేర్చుకున్నాడు. శుక్రవారం ఇంజిన్ విప్పడానికి మాత్రం బోరు మేస్త్రీని తోడు పిలిచాడు. అరిగిన సిలిండర్లను లోపల తొలిచి బోరు కొట్టి కొట్టి ఆ ముసలి మేస్త్రీకి ఆ పేరే మిగిలింది. పిస్టన్ల నెత్తిన దళసరిగా నల్లటి మసి పేరుకుని ఉంది. మేస్త్రీ వాటిని గేజీ పెట్టి కొలిచి, తృప్తిగా తల ఊపి ఏదో చెప్పబోయాడు. అంతలో అత్తగారు టీ తీసుకొచ్చి ఎదురుగా నిలబడ్డారు. మేస్త్రీ ఆమెను చూశాడు, గ్లాసును చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అరిగిపోయాయండీ. పారేసి కొత్తవి వేసుకోండి," అన్నాడు.

అతను వెళ్లాక అల్లుడు మళ్లీ కొలిచాడు. నాలుగింటి కొలతా ఒక్కటే, ఎక్కడా అరగలేదు. కొత్త పిస్టన్లు అమ్మే కొట్టువాడితో మేస్త్రీకి లోపాయకారీ ఒప్పందం ఉందని తేల్చుకుని, ఇక అతని గడప తొక్కకూడదనుకున్నాడు.

ఆ సాయంత్రం అత్తగారు తన గాజులు అమ్మైనా సరే కొత్త పిస్టన్లు తెప్పిస్తానన్నారు. తన పనితనం మీద ఆమెకు నమ్మకం లేదని అల్లుడు చిన్నబుచ్చుకున్నాడు. అల్లుడు మసి చేతులతో తిరగడం అమ్మకు నామోషీగా ఉందని కూతురు అనుకుంది. "మీ అమ్మకి నా కారంటే మొదట్నుంచీ గిట్టదు," అన్నారు మామగారు. ముగ్గురికీ మూడు కారణాలు దొరికాయి. మూడూ తప్పే.

పిస్టన్ల మసి వదలడం అంత తేలిక కాదు. అవి మెత్తటి లోహం. ఇనుప బ్రష్షుతో తోమితే గీతలు పడి పనికిరాకుండా పోతాయి. అందుకని ఆ రాత్రి అల్లుడు, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో తెలిసేలా లోపలివైపు చుక్కలు కొట్టుకుని, నాలుగింటినీ పెరటి వరండాలో కిరోసిన్ తొట్టిలో నానబెట్టాడు. శనివారం పొద్దున మెత్తటి బ్రష్షు కొనడానికి బజారుకు వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే తొట్టిలో కిరోసిన్ మాత్రమే ఉంది.

ఇల్లంతా వెతికారు. మంచాల కింద చూశారు. మామగారు ఎందుకైనా మంచిదని ఫ్రిజ్ కూడా తెరిచి చూశారు.

"నువ్వేమైనా చూశావా?" అని భార్యను అడిగారు.

"పాత సామాన్లబండి ఇందాకే ఇటు వెళ్లింది," అన్నారామె, ముక్కు కొన చూసుకుంటూ.

అందులో అబద్ధం లేదు. బండి నిజంగానే వెళ్లింది. పిస్టన్లు మాత్రం ఆ క్షణాన స్నానాల గదిలో, వేడి సబ్బునీళ్లలో కర్టెన్లు నానబెట్టిన బకెట్ అడుగున ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టిన అత్తగారు, తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్లిపోయారు.

మామగారు ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అల్లుడి చెప్పు వేసుకుని పరిగెత్తారు. మలుపు దగ్గర బండి దొరికింది. ఆయన ఉద్యోగకాలపు గొంతుతో సోదా అని ప్రకటించి, రెక్కల్లేని ఫ్యాన్లు, సైకిలు చక్రాలు, సొట్టలు పడ్డ డబ్బాలు ఒక్కొక్కటే రోడ్డు మీదికి దించారు. వెనక ఒక వ్యాను, దాని వెనక రెండు ఆటోలు ఆగి హారన్లు మోగించాయి. మేడల మీంచి జనం తొంగిచూశారు. బండి అడుగు కనబడింది గానీ పిస్టన్లు కనబడలేదు.

సామాన్లవాడు అంతసేపూ చేతులు కట్టుకుని ఆయన ముఖమే చూస్తున్నాడు.

"అయ్యగారూ, ఒకప్పుడు నా కాటా పట్టుకెళ్లిన ఆఫీసరు మీరే కదూ?"

"అయితే?"

"అప్పుడు తూకంలో తప్పు నాది, ఒప్పుకున్నాను. ఇప్పుడు తప్పు ఎవరిదో మీరే చెప్పండి."

మామగారు వంగి దగ్గర్లోని ఫ్యాను అందుకున్నారు. దించిన సామానంతా తిరిగి ఎక్కించారు. సైకిలు చక్రాలు అడుగున వేయాలని సామాన్లవాడు చెప్పాడు. అప్పటికే పైన వేసి ఉన్నందున, మళ్లీ దించి వేశారు.

ఇక్కడ ఇంట్లో కూతురు మనసు ఉండబట్టలేదు. సోమవారం నుంచి అమ్మకు సాయం చేయడం కుదరదు కదా, కనీసం కర్టెన్లైనా ఉతుకుదామనుకుంది. అవి రేపటిదాకా నానాలని తల్లి వంటింట్లోంచి రెండుసార్లు చెప్పింది, మూడోసారి కాస్త గట్టిగానే చెప్పింది. అమ్మ మొహమాటపడుతోందనుకుని కూతురు బకెట్‌లో చెయ్యి పెట్టింది. మొదటి కర్టెన్ బూడిదరంగులో వచ్చింది. రెండోది బొగ్గురంగులో వచ్చింది. తర్వాత చేతికి ఏదో గట్టిగా తగిలింది.

కిరోసిన్‌లో నానిన మసి వేడి సబ్బునీళ్లు తగిలేసరికి తడిసిన అట్టలా మెత్తబడిపోయింది. కర్టెన్ కొసతో రుద్దితే చాలు, లోహం తళతళమంది. కూతురు నాలుగింటినీ పళ్లెంలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది. మామగారు తుప్పు చేతులతో అప్పుడే తిరిగొచ్చారు. అదే సమయానికి పెరటి తలుపు తోసుకుని బోరు మేస్త్రీ లోపలికి వచ్చాడు. అతని చేతిలో ఖాళీ సంచి ఉంది. అందరినీ చూసి సంచి వెనక్కి దాచుకున్నాడు.

అల్లుడు అవేమీ గమనించే స్థితిలో లేడు. ఒక పిస్టన్ తీసి వెలుగుకు పెట్టాడు. లోపల తను కొట్టిన చుక్కలు అలాగే ఉన్నాయి. నెత్తిన బాణం గుర్తు, దాని పక్కన ఇంతకాలం మసి కింద దాగిన అంకెలు స్పష్టంగా కనిపించాయి. సంబరం కొద్దీ పైకే చదివేశాడు.

"సున్నా పాయింట్ ఐదు సున్నా."

చదివాక గానీ దాని అర్థం తలకెక్కలేదు. ఎక్కాక మాటను వెనక్కి మింగేద్దామనుకున్నాడు, వీలు కాలేదు.

"అదేం కొలత?" అన్నారు మామగారు. కొలత అంటే ఆయన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అల్లుడు నేల చూశాడు. మేస్త్రీ అత్తగారిని చూశాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చారు. "చెప్పండి మేస్త్రీ. ఇరవై ఏళ్లు దాచారు, చాలు."

"సిలిండర్ బోరు అర మిల్లీమీటరు పెద్దది చేశాక వేసే పిస్టన్లండీ ఇవి," అన్నాడు మేస్త్రీ. "కంపెనీవి కావు. నేనే వేశాను."

"ఎప్పుడు?"

"మీరు శిక్షణకి వెళ్లినప్పుడు," అన్నారు అత్తగారు. "డ్రైవింగ్ నేర్చుకుందామని తీశాను. ఎదురుగా ఎర్రదీపం వెలిగింది. బండి హుషారుగా ఉందనుకున్నాను. ఆయిలు లేక అలా వెలిగిందని, బజార్లో ఇంజిన్ పట్టేశాక మేస్త్రీ చెప్పారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు రాగానే చెబుదామనే అనుకున్నానండీ. అప్పటికే మీరు విశ్రాంతి వల్ల బాగుపడిందని పక్కింటివాళ్లకి చెప్పేశారు. మసి పోతే ఈ అంకెలు బయటపడతాయనే ఇవాళ వీటిని దాచి, పట్టుకెళ్లమని మేస్త్రీకి కబురు పెట్టాను."

మామగారు మెట్టు మీద కూర్చున్నారు. ఊళ్లో ఏ కొట్టులో రాయి అయిదు గ్రాములు తగ్గినా పట్టుకున్న మనిషి, ఇంట్లో అర మిల్లీమీటరును ఇరవై ఏళ్లు పట్టుకోలేకపోయారు. పైగా దాని పేరు చెప్పి ఇంటిల్లిపాదినీ నడిపించారు. కూతురు పళ్లెం పట్టుకునే నిలబడింది. ఆమె కళ్ల ముందు రెండో బస్సు కదిలి వెళ్లిపోతోంది.

"పిస్టన్లు మార్చిన రోజు అది నా కారు కాదన్నాను," అన్నారాయన.

"అన్నారు నాన్నా," అంది కూతురు నీరసంగా.

"మార్చి ఇరవై ఏళ్లయింది. అంటే ఇరవై ఏళ్లుగా నేను పరాయి కారు తోలుతున్నాను." జేబులోంచి తాళాలు తీసి భార్య చేతిలో పెట్టారు. "పాడుచేసిందీ నువ్వే, బాగుచేయించిందీ నువ్వే. కొలత ప్రకారం కారు నీది. ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం."

అత్తగారు తాళాలను చేతిలో ఒక్కసారి బరువు చూసి, కూతురి పళ్లెంలో పిస్టన్ల పక్కన వేశారు. "రోజూ ఆయిలు చూసుకో," అన్నారు. అంతకు మించి షరతులేమీ పెట్టలేదు.

అల్లుడు మేస్త్రీకి క్షమాపణ చెప్పుకున్నాడు. మేస్త్రీ నవ్వి, పాత రింగు ఒకటి విరిచి, రింగులు కూర్చునే గాళ్లలో మిగిలిన మసిని దాని కొనతో ఎలా గీకాలో చూపించాడు. ఆ కొలతకు సరిపడే కొత్త రింగులతో ప్రతి పిస్టనూ దాని సిలిండర్‌లోకే వెళ్లింది. నల్లబడ్డ కర్టెన్లు చేతులు తుడుచుకోవడానికి పనికొచ్చాయి. ఆదివారం దీపాల వేళకు కారు పొగ లేకుండా పలికింది. సోమవారం కూతురు మొదటి గంట కొట్టకముందే స్కూల్లో ఉంది.

విశ్రాంతి మంచిదన్న సిద్ధాంతాన్ని మామగారు ఇప్పటికీ వదులుకోలేదు. ఆ ఏడు మాత్రం ఆ రెండు నెలల విశ్రాంతీ అత్తగారికి ఇచ్చి, కూరగాయల సంచులు తాను మోశారు.