వంటావార్పులో ఫ్రెంచి పాఠం

ఆ రోజు పొద్దున జోస్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో తమ అద్దె గదిలోంచి బయలుదేరాలి. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడికి చేరాలి. ఆరో తరగతి పిల్లలకు కూరగాయల మీద ఫ్రెంచిలో ఒక్క పాఠం చెప్పాలి. పాసై ఇంటికొచ్చి అన్నం తినాలి. ఇందులో కష్టమేముందో మీరే చెప్పండి. ఉన్న చిక్కల్లా ఒక్కటే, అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు కదలడం లేదు, ఆఫీసులు తెరవడం లేదు, బళ్లకు తాళాలు పడ్డాయి. అయినా ఆ బడివాళ్లు వెనక గేటు తీసి, చుట్టుపక్కల పిల్లలను కొందరిని కూర్చోబెడతామని జోస్నాకు మాటిచ్చారు.

జోస్నా వాళ్లది నల్గొండ దగ్గర పల్లె. తండ్రి స్తెఫను ఇక్కడ ఆటో నడుపుతాడు. చిన్నప్పుడు హాస్టల్లో ఒక ముసలి సిస్టరు నేర్పిన నాలుగు ఫ్రెంచి ముక్కలు ఈ పిల్లకు ఎంత నచ్చాయంటే, డిగ్రీ కాగానే వెళ్లి ఫ్రెంచి టీచర్ల శిక్షణలో చేరింది. చదువు అయింది, రాత పరీక్షలూ అయ్యాయి. మిగిలింది తుది పాఠం. బయటి ఊరి నుంచి వచ్చే పరీక్షకురాలి ఎదుట అది చెప్పి పాసైతేనే టీచరుగా సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉంటేనే బడంగ్‌పేట్‌లో ఒక కొత్త బడి ఆమె కోసం అట్టిపెట్టిన ఉద్యోగం. ఈ నెల దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరిది, ఈ రోజు దాటితే తుది పాఠం మళ్లీ వచ్చే ఏడాదే.

ఆమెకు శిక్షణ ఇచ్చిన మాస్టారు రామమోహనరావు. విజయవాడ మనిషి. మంచి పాండిత్యం ఉంది, నోరే మంచిది కాదు. ఒకసారి తరగతి అందరి ముందూ, "నువ్వు ఫ్రెంచి మాట్లాడినా నల్గొండలో మాట్లాడినట్టే ఉందమ్మాయ్. ఇక టీచరువి అయినట్టే" అని నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. జోస్నాకు ఒళ్లు మండింది కానీ తల మాత్రం దించలేదు. "గీ యాసతోనే పాసయిత సార్. మీరే సూస్తరు" అంది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. అప్పటినుంచి ఆ చూసే రోజు కోసమే ఎదురుచూస్తున్నారు.

తుది పాఠానికి నియమాలు ఘోరంగా ఉంటాయి. పాఠం మొదలయ్యాక టీచరు నోట ఫ్రెంచి తప్ప ఒక్క తెలుగు మాట రాకూడదు, వస్తే ఫెయిలే. పాఠం ముగిసేదాకా పరీక్షకురాలు కూడా నోరు విప్పకూడదు. పైగా బొమ్మలు పనికిరావు, పిల్లలు నిజం వస్తువులనే చేత్తో పట్టుకుని నేర్చుకోవాలి. అందుకని తల్లి సారమ్మ చర్చి వంటశాల నుంచి పెద్ద గిన్నె, గరిటె అడిగి తెచ్చింది. గిన్నె నిండా వంకాయలు, టమాటాలు, ఉల్లిగడ్డలు, సొరకాయ పెట్టి కూతురి నెత్తికెత్తింది. ఆటోలూ బంద్ కాబట్టి జోస్నా నడక మొదలుపెట్టింది.

ఎల్బీనగర్ చౌరస్తాకు చేరేసరికి రోడ్డు కనబడలేదు, పొయ్యిలు కనబడ్డాయి. ఆ రోజక్కడ వంటావార్పు. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తిని, బండ్లను కదలనివ్వకుండా చేసే నిరసన అది. ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చి పొయ్యి దగ్గర దింపుతారు. ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని అడిగే అలవాటు అక్కడ లేదు. అటువంటి చోటికి నెత్తిన గిన్నె, గిన్నెలో కూరగాయలు, చేతిలో గరిటెతో ఒక ఆడపిల్ల నడిచి వస్తే ఎవరేమనుకుంటారు?

"మంచి టైముకు తెచ్చినవ్ బిడ్డా. కూర లేక కూసున్నం" అంటూ ఈరమ్మ గిన్నె దింపుకుంది. ఆమె ఆ కాలనీ ఆడవాళ్లకు పెద్ద, వంటకూ పెద్ద. కాదమ్మా, ఇవి వేరే అని జోస్నా చెప్పబోయేలోపే కత్తిపీటలు నడిచాయి. ఇవి పాఠానికి తెచ్చినవి అనేసరికి టమాటాలు సాంబారులో పడ్డాయి. బళ్లన్నీ బందుంటే పాఠమేందని ఈరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. గుంజుకోగా జోస్నా చేతిలో మిగిలింది ఒక వంకాయ, ఒక టమాటా. అంతలో బడి నుంచి ఫోన్ వచ్చింది. సమ్మెవాళ్లు వెనక గేటుకు కూడా తాళం వేశారట, పిల్లలు ఇళ్లకు పోయారట.

ఆగిన బండ్ల వరుసలో ఒక కారు ఉంది. అందులోంచి రామమోహనరావు దిగారు, వెనకే గొడుగు పట్టుకుని పరీక్షకురాలు దిగింది. ఆమె పేరు కోటేశ్వరమ్మ. యానాం మనిషి, జీవితమంతా ఫ్రెంచి చెప్పి తల నెరిసింది. మాస్టారికి బడి నుంచి కబురు ముందే అందింది. బడి లేదు, పిల్లలు లేరు, కూరగాయలు కూడా లేవు కాబట్టి వచ్చే ఏడాది చూసుకోవచ్చని, మేడమ్ గారి రైలు సాయంత్రమేనని జోస్నాకు చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో విచారం ఎంత వెతికినా కనబడలేదు.

జోస్నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఇన్నాళ్ల చదువు, ఇన్నాళ్ల మాటలు పడటం, అంతా సాంబారులో పోయిందా?

"ఒచ్చే ఏడు దాక ఎందుకు సార్? ఈడనే చెప్త" అంది.

ఇది ఆరో తరగతి పాఠమని, వీళ్లు ఆరో తరగతి కాదని మాస్టారు అడ్డుపడ్డారు. ఈరమ్మ కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

"ఆరో తరగతి దాక మాలో ఎవ్వలం పోలే సారు. గిప్పుడు కూసుంటం."

కోటేశ్వరమ్మ మూతి బిగించి నవ్వు ఆపుకుంది. మాస్టారు ఆఖరి అస్త్రం తీశారు. పాఠం నాలుగు గోడల మధ్య, బల్లల మీదో కుర్చీల మీదో కూర్చున్న విద్యార్థులకు జరగాలని నియమం. కోటేశ్వరమ్మ ఆలోచించి, "అవునండీ, నియమం అలాగే ఉంది. గోడల్లేకపోతే పాస్ చెయ్యడం నా చేతుల్లో లేదు. అయినా ఇంత దూరం వచ్చాను. చెప్పమ్మా, వింటాను" అంటూ గడియారం చూసుకుంది.

అంటే చెప్పినా ఫెయిలే. జోస్నాకు ఆ సంగతి బాగా అర్థమైంది. ఫెయిలైనా సరే, చెప్పకుండా మాత్రం పోనని వంకాయ పైకెత్తింది. "కెస్ కె సే?" అని అడిగింది, ఇదేమిటని. తనే "ఓబెర్జీన్" అని చెప్పింది.

మామూలు తరగతిలో పిల్లల చేత ఒక మాట తిరిగి పలికించాలంటే టీచరు బతిమాలుకోవాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లు వారాల తరబడి నినాదాలిచ్చినవాళ్లు. ఒకరు అంటే మిగతావాళ్లు పిడికిలెత్తి అందుకోవడం వాళ్లకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. పిడికిళ్లన్నీ ఒక్కసారి లేచాయి, "ఓబెర్జీన్" అని చౌరస్తా దద్దరిల్లింది. టమాటా ఎత్తితే "తొమాత్" అని అవతలి సిగ్నల్ దాకా వినబడింది. ఆగిన లారీల వాళ్లు కూడా దిగొచ్చి అందుకున్నారు. ఊరికే నిలబడిన మాస్టారిని చూడలేక, సాంబారు అడుగంటుతుంది జర కలపమని ఈరమ్మ ఆయన చేతిలో గరిటె పెట్టింది. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం లేక ఆయన కలిపారు.

అప్పుడు వచ్చాడు ఇన్‌స్పెక్టర్ అంతయ్య. సమ్మె మొదలైనప్పటినుంచి విని విని నినాదాలన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి. ఇదొక్కటే కొత్తగా ఉంది. కొత్త నినాదమంటే పైవాళ్లు అర్థం అడుగుతారు. అర్థం తెలియదంటే ఊరుకోరు. నేరుగా జోస్నా దగ్గరికొచ్చి పేరేమిటో, ఏమని అరుస్తున్నారో చెప్పమన్నాడు.

ఒక్క తెలుగు ముక్క చాలు, పాఠం పోతుంది. జోస్నా చిరునవ్వుతో "బోఁజూర్ మెస్యో" అని నమస్కారం చెప్పి, వంకాయను అతని ముక్కు దగ్గర పెట్టి "కెస్ కె సే?" అంది. వెనక నుంచి పిడికిళ్లు సమాధానమిచ్చాయి. అంతయ్య ముఖం ఎర్రబడింది. పక్కన ఏదో రాసుకుంటున్న గొడుగు పెద్దావిడను అడిగాడు. పాఠం ముగియలేదు కాబట్టి ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుని ఊరుకోమని సైగ చేసింది. ఇన్‌స్పెక్టరుకు అలా సైగ చేసినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

నిరసనకు కూర్చున్నవాళ్ల మాట అతను ఎటూ నమ్మడు. ఇక మాట్లాడగలిగింది మాస్టారొక్కరే. తానెవరో తెలిస్తే గౌరవిస్తారని ఆయన నమ్మకం. గరిటె పట్టుకునే ముందుకొచ్చారు.

"నేను ఈ అమ్మాయి గురువునండీ. ఇవన్నీ నేర్పించింది నేనే."

అంతయ్య గరిటెను చూశాడు, గిన్నెను చూశాడు, జనాన్ని చూశాడు. "మంచిది. అయితే ముందుగల్ల నువ్వెక్కు" అని వ్యాను చూపించాడు. ఆయన వెనకే జోస్నానూ, కోటేశ్వరమ్మనూ, ఆడవాళ్లనూ ఎక్కించారు.

అరెస్టు చేసినవాళ్లందరినీ సాయంత్రం దాకా ఒక ఫంక్షన్ హాల్లో ఉంచడం అప్పటి పద్ధతి. సాంబారు వదిలిపెట్టి రామని ఈరమ్మ పట్టుబట్టడంతో గిన్నె కూడా వ్యానెక్కింది. దారి పొడుగునా జోస్నా పాఠం ఆపలేదు, ఆపితే పోయినట్టే. హాల్లోకి తోసి తలుపులు మూశారు. ముందు రోజు పెళ్లి కుర్చీలు వరుసగా ఉన్నాయి, అందరూ కూర్చున్నారు. కోటేశ్వరమ్మ తల తిప్పి నాలుగు గోడలనూ నిదానంగా చూసింది. చూసి, కాగితం మీద ఒక టిక్కు పెట్టింది. అది జోస్నా గమనించింది. పెళ్లి ఫ్లెక్సీ వెనక్కి తిప్పి, గిన్నె అడుగు మసితో దాని మీద పేర్లు రాసి, రెట్టింపు గొంతుతో అందుకుంది.

పాఠం చివర్లో భోజనం. గరిటె ఇప్పుడు జోస్నా చేతిలో ఉంది. ఏదో ఒక కూరగాయ పేరు ఫ్రెంచిలో చెప్పినవాళ్లకే సాంబారు. ఆడవాళ్లంతా చెప్పి తీసుకున్నారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని అంతయ్య కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు, తర్వాత విస్తరి పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. టమాటా ఎత్తి జోస్నా అడిగింది. హాలంతా ఎదురుచూసింది.

"తొమాత్" అన్నాడు అంతయ్య, కానిస్టేబుళ్లకు వినబడకుండా.

కోటేశ్వరమ్మ గడియారం చూసి, పాఠం అయిపోయిందని ప్రకటించింది. మూలన తన వివరాలు రాయించుకుంటున్న మాస్టారు అక్కడినుంచే, మేడమ్, ఆ యాస సంగతి కూడా చూడాలి గదా అన్నారు.

"యాసకేవుందండీ. ఫ్రాన్సులో ఊరికో యాస ఉంది. ఈ అమ్మాయిది నల్గొండ" అంటూ ఆమె సంతకం పెట్టేసింది. "పాసయ్యావమ్మా."

జోస్నా ఏడ్చేసింది. ఈరమ్మ వచ్చి వీపు నిమిరింది. సర్టిఫికెట్ అంటే ఏమిటో ఆమెకు సరిగా తెలియదు కానీ, గెలిచిన పిల్ల ఏడుపు ఎట్లా ఉంటుందో తెలుసు.

సాయంత్రం అందరినీ వదిలేశారు, మాస్టారిని తప్ప. నేర్పింది తనేనని తన నోటితోనే చెప్పారు కాబట్టి ఆయన నాయకుడు, నాయకుడికి ఉద్యోగస్థులెవరైనా పూచీ ఉండాలి. కోటేశ్వరమ్మ రైలుకు వెళ్లిపోయింది. ఆయన తల వంచుకుని జోస్నా వైపు చూశారు. పూచీకత్తు కాగితం మీద వృత్తి అన్నచోట జోస్నా "ఫ్రెంచి టీచరు" అని రాసి సంతకం చేసింది. ఇక పోదాం సార్ అని ఆయన చేతిలోంచి సంచి అందుకుంది. ఆయన ఆమె వెనకే నడిచారు, ఆ రోజుకు అదే గొప్ప.

వారం తర్వాత వచ్చిన మార్కుల కాగితంలో తరగతి క్రమశిక్షణకు నూటికి నూరు పడ్డాయి, తలుపు దగ్గర లాఠీ పట్టుకుని ఎవరు నిలబడ్డారో రాయడానికి అందులో గడి లేదు.