వాషింగ్ మెషిన్‌కూ మా అక్కకూ ఒకే అడ్రస్

మ్యాక్ అడ్రసులు అయిపోవాలి. ఎంత తొందరగా అయిపోతే మానవజాతికి అంత మంచిది!

కంగారుపడకండి, మీ ఇంటి నంబరు సంగతి కాదు నేను చెప్పేది. వైఫైకి గానీ కేబుల్‌కు గానీ తగులుకునే ప్రతి వస్తువుకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు పెట్టి పంపిస్తారు. ఒకదానిది ఇంకొకదానికి ఉండకూడదు. దాన్నే మ్యాక్ అడ్రస్ అంటారు. ఇవి మొత్తం రెండు వందల ఎనభై లక్షల కోట్ల పైచిలుకు ఉన్నాయట. ఇప్పట్లో అయిపోయే సూచనలేవీ లేవని లెక్కలు తెలిసినవాళ్ళు అంటున్నారు. నాకు మాత్రం మనుషుల మీద నమ్మకం ఉంది. మనం తలచుకుంటే ఏది మిగిల్చాం కనుక?

ఇప్పటికే పళ్ళు తోముకునే బ్రష్షుకు అడ్రస్ ఉంది. అది బాత్రూమ్ దాటి ఎక్కడికి పోతుందని? బరువు తూచే మెషిన్‌కు ఉంది. పొద్దున్నే మన పరువు తీసి, ఆ సంగతి ఫోన్‌కు చేరవేస్తుంది. బల్బుకు ఉంది, కాలింగ్ బెల్లుకు ఉంది. ఈ మధ్య ఒక స్నేహితుడి ఇంట్లో చెత్తబుట్ట "నేను నిండిపోయాను" అని కబురు పంపింది. అప్పుడు ఆయన ఆ బుట్ట పక్కనే కూర్చుని ఉన్నాడు!

అడ్రసులు అయిపోతే ఈ పీడ వదులుతుంది. బల్బు గోడ మీది స్విచ్ మాట వింటుంది. తలుపు తెరిచి ఉందని ఫ్రిజ్ ఊరంతా చాటదు. కొరతను మించిన వరం ఇంకొకటి ఉందా?

ఈ వరాన్ని అందరికన్నా ముందు పసిగట్టింది మా బావగారు. ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ అంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన అనుమతి లేనిదే అక్కడ ప్రింటర్ కూడా కాగితం కక్కదు. ఒకరోజు మీటింగ్‌లో ఎవరో "ఎప్పటికైనా ఈ నంబర్లు అయిపోవా సార్?" అని మాటవరసకు అన్నారు. నవ్వేసి ఊరుకోవలసిన మాట. బావగారు ఊరుకునే రకం కాదు, ఎక్కడో కుళాయి కారుతుంటే ఆయనకు నిద్ర పట్టదు. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే పొదుపు ప్రకటించారు.

అడ్రసులను ఎలా పొదుపు చేస్తారని అడుగుతారా? చాలా తేలిక! ఒకే సమయంలో పనిచేయని రెండు వస్తువులను చూసి, రెండింటికీ ఒకే నంబరు ఇవ్వడమే. ఒకటి పడుకున్నప్పుడు రెండోది వాడుకుంటుంది. పొరపాటున రెండూ మేలుకుంటే మాత్రం రౌటర్ తికమకపడి, కొత్తగా వచ్చినదాన్ని లోపలికి రానిచ్చి పాతదాన్ని బయటకు నెట్టేస్తుంది. అందుకని తగిన జతల కోసం బావగారు ఇల్లంతా గాలించారు. ఎంత గాలించినా ఆయనకు దొరికింది ఒక్కటే జత. వాషింగ్ మెషిన్, మా అక్క లాప్‌టాప్!

అక్క ఒకప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసేది. పిల్లలు చిన్నవాళ్ళని మానేసింది. వాళ్ళు గది తలుపులు వేసుకుని "డిస్టర్బ్ చేయకు" అనే వయసుకు వచ్చాక, పాత లాప్‌టాప్ దుమ్ము దులిపి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ లాప్‌టాప్‌కే బావగారు మెషిన్ నంబరు తొడిగారు. అక్కకు చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని!

కొన్నాళ్ళకు ఒక కంపెనీవాళ్ళు ఆమెను వీడియోలో ఇంటర్వ్యూకు పిలిచారు. అన్నేళ్ళ తర్వాత వచ్చిన మొదటి పిలుపు. అక్కకు ముందురోజు అన్నం సహించలేదు. బావగారు కూడా మంచి మనసున్న మనిషే. "ఇవాళ బట్టల సంగతి నువ్వు పట్టించుకోకు, నేను చూసుకుంటా" అని చెప్పి, పొద్దున్నే అన్నీ మెషిన్‌లో వేసి, దానికి టైమ్ పెట్టి ఆఫీసుకు వెళ్ళారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆ మెషిన్ మూత తెరవడం అదే మొదటిసారి!

అక్క తన ప్లాన్ చూపిస్తూ, వంటింటి కిటికీ అక్కడే ఎందుకు పెట్టిందో వివరిస్తోంది. నిలబడి పనిచేసేవాళ్ళ కంటికి బయటి చెట్టు కనిపించాలని. అవతలి పెద్దావిడ ముందుకు వంగి "బాగుందే, ఇంకా చెప్పండి" అంది. అంతలో బాల్కనీలో మెషిన్ నిద్ర లేచింది. తెర మీద ముఖాలు బిగుసుకుపోయాయి, కాసేపటికి అవి కూడా మాయమయ్యాయి. అక్క వైర్లు కదిపింది, రౌటర్‌ను బతిమాలింది, లాప్‌టాప్‌ను తిట్టిపోసింది. మెషిన్ ఉతికి, జాడించి, పిండి, పడుకున్నాక గానీ లైను రాలేదు. అప్పటికి అవతల ఎవరున్నారు? ఫోన్ చేసి ప్రాధేయపడితే, రేపు ఇంకొక్కసారి చూస్తాం, అదే ఆఖరు అన్నారు.

సాయంత్రం అక్క జరిగింది చెబుతుంటే బావగారి ముఖం పాలిపోయింది. పాపం, అబద్ధమాడే అలవాటు లేదు. పొదుపు పథకం మొత్తం చెప్పేశారు. నేను అక్కడే ఉన్నాను.

"మెషిన్ తిరిగేటప్పుడు నువ్వెలాగూ దాని దగ్గరే ఉంటావు కదే! లాప్‌టాప్ ముందు ఎందుకుంటావు? అందుకే మీ ఇద్దరికీ ఒకటి చాలనుకున్నా."

"మా ఇద్దరికీనా?" అంది అక్క.

"అంటే, దానికీ నీ లాప్‌టాప్‌కీ."

"మరి మీ ఫోన్ ఎవరితో సర్దుకుంటోంది?"

"నాది ఆఫీసు పని కదా!"

"మీ వాచీ?"

"అది గుండె చూస్తుందే."

"బాత్రూమ్‌లో పాటలు పాడే ఆ డబ్బా?"

"అయినా కొరత వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా!" అన్నారు బావగారు.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖంతో కాదు, ఒళ్ళు మండి. లాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి "తీసేయండి" అంది. చిటికెలో పని. మెషిన్ నంబరు చెరిపేయగానే, అడుగున లాప్‌టాప్ సొంత నంబరు పెట్టింది పెట్టినట్టే ఉంది. అది ఇంకెవరికీ పోలేదు, ఎన్నటికీ పోదు కూడా. అంటే ఇన్నాళ్ళ పొదుపు వల్ల లోకానికి మిగిలిన అడ్రస్ ఒక్కటీ లేదు! నెట్‌వర్క్ చూసే మనిషికి ఈ సంగతి తెలియదా? నిక్షేపంగా తెలుసు. నేను మెల్లగా అడిగితే "ఏమోయ్, పొదుపు ముందునుంచే అలవాటు కావాలి కదా" అన్నారు. ఎవరికి అలవాటు కావాలో మాత్రం చెప్పలేదు.

మర్నాడు అక్క కిటికీ గురించి చెప్పవలసిందంతా చెప్పింది. ఉద్యోగం వచ్చింది. బావగారు అందరికన్నా ఎక్కువ సంతోషించి, వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పారు.

కనుక పాఠక మహాశయులారా, నా అభిప్రాయం మార్చుకున్నాను. బ్రష్షుకు ఒకటి కాదు, నాలుగు ఇవ్వండి. చెత్తబుట్ట మూతకొకటి, అడుగుకొకటి ఇవ్వండి. కానీ ఎట్టి పరిస్థితుల్లోనూ అడ్రసులు అయిపోనివ్వకండి! ఎవరో మాటవరసకు అయిపోతాయేమో అన్నందుకే మా అక్క చేతికి వచ్చిన ఉద్యోగం జారిపోబోయింది. నిజంగానే అయిపోయిన రోజున, సర్దుకోమని ముందుగా ఎవరి వైపు చూస్తారో మా ఇంట్లో అందరికీ తెలుసు. మీ ఇంట్లో తెలియదా?