తెరిచి చూస్తే వెనక్కి పోయే వరస

చెప్పకుండా పని చేసే ప్రోగ్రాము ఈ కాలానికి దొరికిన వరం. కాదనేవాళ్ళు ముందు తమ ఇంట్లోవాళ్ళ చేత చెప్పకుండా ఒక్క గిన్నె కడిగించి, ఆ తర్వాత నాతో వాదనకు రావాలి!

నేను ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఓ సర్కారు కంటాసుపత్రికి జావా ప్రోగ్రాములు రాస్తాను. మా డేటాబేసులో ఒక్కో రోగికి ఒక్కో రికార్డు. అది పుట్టినా, తెరుచుకున్నా, మారినా, పోయినా వెంటనే ఏదో ఒకటి చెయ్యడానికి లిజనర్లనే చిన్న ప్రోగ్రాములు కొన్ని తగిలించాం. అవి చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి. వాటిని ఎవరూ పిలవక్కర్లేదు. ఎవరూ పిలవనప్పుడు జరిగినదానికి బాధ్యులెవరు? ఎవరూ కారు! ఉద్యోగస్తుడికి ఇంతకన్నా సుఖం ఉందా?

మా పెద్ద ఇంజనీరు హెర్వాసియో అలాంటిదొకటి తగిలించాడు. రోగి రికార్డు ఎవరు తెరిచినా దాని మీద 'ఈరోజు చూశాం' అని రాసిపెడుతుంది. రాస్తే రికార్డు మారినట్టే కదా, కంప్యూటరు దాన్ని మళ్ళీ భద్రపరుస్తుంది. భద్రపరిచేటప్పుడు, ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన మహానుభావుడు తగిలించిన ఇంకో లిజనరు లేచి కొత్త తేదీ వేస్తుంది. శుక్లాల ఆపరేషన్ల వరస నడిచేది ఆ తేదీని బట్టే. పాత తేదీ ముందు, కొత్త తేదీ వెనక.

అర్థమైందా? నా వంతు ఎప్పుడని అడిగినవాడి రికార్డు తెరుస్తారు, వాడు వరస చివరికి పోతాడు. నోరు మూసుకున్నవాడు ముందుకొస్తాడు. జనానికి ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి ఏ మంత్రిగారైనా కట్టించగలరా?

మా వరసలో ఉన్న నిబియా అనే పెద్దావిడ కార్నివాల్ పండగలో ఆడే బృందాలకి వేషాలు కుట్టే దర్జీ. రెండు కళ్ళకీ శుక్లాలు. సూదిలో దారం ఎక్కించలేక, ఈమధ్య ఒక చొక్కాకి మెడపట్టీ ఉండాల్సిన చోట చెయ్యి కుట్టేసింది. బృందం నాయకుడు మంచివాడు, ఇదేదో కొత్త ఫ్యాషనని మెచ్చుకుని మిగతా గుడ్డంతా వేరే దర్జీకి ఇచ్చేశాడు. కళ్ళు రాకపోతే ఆవిడకి చేతిలో పనే ఉండదు.

అందుకని ప్రతి మంగళవారం బిస్కోచోలనే వేడి తీపి రొట్టెల పొట్లంతో మా ఆసుపత్రి విచారణ కిటికీ దగ్గరికి వచ్చేది. అక్కడ కూర్చునే ఫియొరెల్లాది జాలిగుండె. ఆవిణ్ణి ఒక్కసారి కూడా ఊరికే పంపలేదు. ప్రతిసారీ రికార్డు తెరిచి చూసి, వచ్చేస్తోంది, కాస్త ఓపిక పట్టండి అని సముదాయించి పంపేది. ఆ జాలి వల్ల నిబియా ప్రతి మంగళవారం వరస చివర్లోనే ఉండేది.

సంగతి కనిపెట్టి నేను హెర్వాసియోతో మొరపెట్టుకున్నాను. ఆయన 'మాటే' అనే ఆకు టీని గొట్టంతో పీలుస్తూ తాపీగా విన్నాడు.

"ప్రోగ్రాములో ఆ లైను తీసేస్తే ఇంకేం కూలుతుందో నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. మా వ్యవస్థ నిలబడి ఉన్నది ఈ పునాది మీదే! ఫిర్యాదు నిజమో కాదో చూద్దామని ఆయన కూడా నిబియా రికార్డు ఓసారి తెరిచాడు.

పోయిన నెల ఆసుపత్రి నుంచి ఆవిడ ఇంటికి ఫోను వెళ్ళింది. ఆపరేషను వంతు వచ్చింది, గురువారం పరగడుపున రావాలని. వంతు వచ్చింది ఆవిడకి కాదు, ఎప్పుడో తన శుక్లాలకి పేరు రాయించుకున్న భర్త వాల్తెర్‌కి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆసుపత్రికి ఎవరూ చెప్పలేదు. ఆయన రికార్డు ఎవరూ తెరవలేదు. కాబట్టి ఆయన బుద్ధిగా ఒకటో స్థానానికి చేరుకున్నాడు. రోగి అంటే అలా ఉండాలి!

గురువారం నిబియా తనే వచ్చింది.

"మా ఆయన రాలేడమ్మా," అంది ఆపరేషను చేసే డాక్టరమ్మ ఇతువార్తెతో. "ఆయన బదులు నేను పరగడుపున వచ్చాను."

డాక్టరమ్మ ఆ కళ్ళని చూసింది, సిద్ధంగా ఉన్న మంచాన్ని చూసింది.

"ఎవరైనా పేరు అడిగితే వాల్తెర్ అని చెప్పు పెద్దమ్మా. ఇక్కడ రికార్డు తెరిచేవాళ్ళెవరూ లేరులే."

ఇప్పుడు నిబియా తన సూదిలో తనే దారం ఎక్కించుకుంటోంది. మా లెక్కల్లో మాత్రం చూపు వచ్చింది వాల్తెర్‌కి. ప్రోగ్రాము బ్రహ్మాండంగా పనిచేస్తోందనడానికి హెర్వాసియో మీటింగులో చూపించిన రుజువు కూడా ఆయనే.

ఊళ్ళో ఈ కబురు పాకింది. కిటికీ దగ్గర తమ వంతు గురించి అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మొన్న రేవు నుంచి శుక్లాలు కమ్మిన ముసలాయన ఒకడు వచ్చి, ఫియొరెల్లా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, మా అన్న పోయి చాన్నాళ్ళయింది. మీ వరసలో వాడి పేరేమైనా ఉందేమో చూస్తావా?"

ఫియొరెల్లా కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చూడనయ్యా. ఆయన్నైనా ముందుండనివ్వండి."