డీజిలు ట్యాంకుకు సీసపు సీలు

ఆ శనివారం విజయరత్నం గారు పెట్టుకున్న పని ఒక్కటే. కారును గోపాలపట్నం తీసుకెళ్లి, అది ఈమధ్య డీజిలు ఎందుకంత తాగుతోందో మెకానిక్ చేత చెప్పించాలి. గడ్డానికి సబ్బు రాసుకుంటూనే కిటికీలోంచి కేకేశారు.

"సూరీ, బండి స్టార్ట్ చెయ్!"

డ్రైవరు అప్పలసూరి స్టార్ట్ చేశాడు. మర్రిపాలెంలోని ఆ వీధి వీధంతా ఉలిక్కిపడి లేచింది. తర్వాత ఆయన గడ్డం గీసుకున్నారు, స్నానం చేశారు, ఇడ్లీలు తిన్నారు, కుటుంబ ప్రార్థనలో దేశాన్నీ సంఘాన్నీ బంధువులందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించారు. అంతసేపూ కారు వాకిట్లో దడదడలాడుతూనే ఉంది.

విజయరత్నం గారు ఓడరేవులో గోడౌన్ సూపరింటెండెంటు. తనకి తెలియని విషయం ఒకటుంటుందని ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు. పాత అంబాసిడర్ కొని, పెట్రోలు ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించాక ఆ జబ్బు బాగా ముదిరింది. వ్యాగన్లు లాగే డీజిలు రైలింజనును పని ఉన్నా లేకపోయినా ఎవరూ ఆపడం లేదని ఈ వేసవిలోనే ఆయన గమనించారు. రైలింజనుకి మంచిదైతే కారుకీ మంచిదేనని తీర్మానించి, పొద్దున స్టార్ట్ చేసిన బండికి రాత్రయ్యేదాకా ఇంజను ఆపకూడదని ఆజ్ఞ జారీ చేశారు. డీజిలు ఎక్కువ తాగడం కూడా ఈ వేసవిలోనే మొదలైంది. ఈ రెండింటినీ కలిపి చూసే తీరిక మాత్రం ఆయనకి దొరకలేదు.

"ఏటండీ, ఆరేసిన బట్టలన్నీ మసయిపోతన్నాయి. నిలబడ్డ కారుకి ఇంజనెందుకు?" అని భార్య పుష్పకుమారి అడిగింది.

"నీకు డీజిలు సంగతి తెలీదు పుష్పా."

"బట్టల సంగతి తెలుసు గదా!"

గోపాలపట్నంలో మెకానిక్ తాతబాబు బానెట్ ఎత్తి, "ఓసారి ఇంజనాపండి సార్," అన్నాడు. ఆపకూడదని విజయరత్నం గారు అతనికి రైలింజను పాఠం చెప్పారు. తాతబాబు గిరాకీతో వాదించే రకం కాదు. ఎయిర్ ఫిల్టరు దులిపాడు, టీ తాగొచ్చాడు, డీజిలు చిమ్మే నాజిళ్లు పోయాయన్నాడు, మార్చానని బిల్లు చేతిలో పెట్టాడు. వారం తిరిగేసరికి కారు ఇంకా ఎక్కువ తాగింది.

అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది జాన్‌బాబు. ఉక్కు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, కూర్మన్నపాలెంలో కాపురం. బావగారికి తెలిసినదానికంటే తనకి ఒక మెట్టు ఎక్కువ తెలియాలన్నది అతని పట్టుదల.

"టైర్లలో గాల్లేదు బావా. గట్టిగా కొట్టించు."

గట్టిగా అంటే విజయరత్నం గారి లెక్కలో ఇంక పట్టనంత. ఆ సాయంత్రమే రైలు పట్టాలు దాటుతుంటే కారు ఎగిరింది. ఆయన తల కప్పుకి కొట్టుకుంది. పుష్పకుమారి ఒళ్లో ఉన్న చేపల పులుసు గిన్నె ఆయన తెల్ల ప్యాంటు మీద బోర్లా పడింది. డీజిలు మాత్రం చుక్క కూడా ఆదా కాలేదు.

"అయితే తప్పు బండిలో లేదు బావా, మనిషిలో ఉంది," అన్నాడు జాన్‌బాబు, మరకని చూడకుండా.

ఇద్దరూ వాకిట్లోకి చూశారు. నడుస్తున్న ఇంజను జోలపాటలో అప్పలసూరి సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కడుపు నిండా దొంగసొమ్ము లేనిదే మనిషికి అంత నిద్ర పట్టదని విజయరత్నం గారికి తోచింది.

లేపి అడిగారు. అప్పలసూరి బిక్కచచ్చిపోయాడు.

"నానా? మాయమ్మ మీదొట్టు బాబూ, సుక్క ముట్టుకోలేదు!"

అతని భయానికి కారణముంది. జాన్‌బాబు పై ఆఫీసరుకి డ్రైవరు కావాలి. పర్మినెంటు ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు. ఇతను మంచివాడని విజయరత్నం గారు ఒక్క మాట చెబితే అది అప్పలసూరిదే. ఆ నోటితోనే దొంగ అంటే, ఈ ఊళ్లో ఇంకెవరూ అతని చేతికి తాళంచెవి ఇవ్వరు. ముసలి తల్లిని తీసుకుని మళ్లీ పల్లెకి పోయి కూలికెళ్లడమే.

దొంగని పట్టే ఉపాయం విజయరత్నం గారికి గోడౌన్లోనే దొరికింది. వచ్చే ఆదివారం భీమునిపట్నంలో పుష్పకుమారి పుట్టింటి సంఘంలో కోతల పండుగ. ఆ పొద్దున ట్యాంకు ఖాళీ చేయించి, పోయి రావడానికి సరిపడా డీజిలు, పైన ఇంకాస్త, స్వహస్తాలతో పోశారు. మూతకి తీగ చుట్టి, వ్యాగన్ తలుపులకి వేసినట్టు సీసపు సీలు వేసి పటకారుతో నొక్కారు.

"సీలు తెగిందా, పోలీసు స్టేషనే. తెగలేదా, నాను స్వయంగా నిన్ను ఆ ఆఫీసరుకి అప్పజెప్తాను," అన్నారు. అంతటితో ఆగి ఉంటే ఆయన విజయరత్నం ఎందుకవుతారు? భీమునిపట్నం చేరగానే గుడి మెట్ల మీద పాస్టరు కృపాకర్ గారికీ పెద్దలందరికీ ఇదే మాట చెప్పి, ఆరాధన అయ్యాక దొంగని చూపిస్తానని ఆహ్వానించారు కూడా.

కారు గుడి కిటికీ కింద నిలబడింది, ఇంజను నడుస్తూనే. కృపాకర్ గారు ప్రశాంతత గురించి గొంతు చించుకుని ప్రసంగించారు. తర్వాత కానుకల వేలంపాట. కొబ్బరికాయలు, కోళ్లు, అరటిగెలలు ఒక్కొక్కటీ అరుపుల మీద అమ్ముడయ్యాయి. ముసలి ఆరోగ్యమ్మ తెచ్చిన గుమ్మడికాయను విజయరత్నం గారు పంతం కొద్దీ పాడుకుని, దాన్ని చంకనెత్తుకుని బయటికొచ్చారు. సంఘమంతా వెనకే వచ్చింది.

కళ్లజోడు సవరించుకుని ట్యాంకు మూత మీదికి వంగారు. సరిగ్గా అప్పుడే ఇంజను దగ్గింది. కారు ఒక్కసారి ఊగి, ఆగిపోయింది. పొద్దుటి నుంచీ వినబడని సముద్రపు హోరు అప్పుడు అందరికీ వినబడింది.

సీలు చూశారు. చెక్కుచెదరలేదు. తిప్పి చూశారు. అలాగే ఉంది. తెంపి, మూత తీసి పుల్ల పెట్టారు. పుల్ల పొడిగా వచ్చింది.

"మరి డీజిలేమైంది?" అన్నారు, ఎవర్నీ చూడకుండా.

"పొద్దున్నుంచీ నిలబడే తాగతంది గదండీ," అంది పుష్పకుమారి. "తాగింది కారు. తాగించింది మీరు. మధ్యలో ఈ పిల్లాడి ఉసురెందుకు?"

చేతులు కట్టుకుని నిలబడ్డ అప్పలసూరి ముందుకొచ్చాడు. అమాయకంగా అడిగాడో, అక్కసు తీర్చుకున్నాడో చెప్పలేం.

"ఇప్పుడు ఇంజనాపీమంటారా బాబూ?"

సంఘం నవ్వడానికి పాస్టరు గారి అనుమతి కోసం చూడలేదు. "నాను ముందే అనుకున్నాను బావా," అన్నాడు జాన్‌బాబు. "సీలు తెగలేదు విజయరత్నం గారూ," అని కృపాకర్ గారు మెత్తగా గుర్తు చేశారు. ఆముదం తాగిన మొహంతో విజయరత్నం గారు, అప్పలసూరి నిజాయితీపరుడేనని అందరి ముందూ చెప్పారు. అతను గుడి మెట్ల మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అన్నాళ్లూ మింగిన అవమానమంతా ఏడుపై వచ్చింది. పుష్పకుమారి పక్కన కూర్చుని మంచినీళ్లిచ్చింది.

పొట్ట పూర్తిగా ఎండిన డీజిలు ఇంజను మళ్లీ నడవాలంటే గొట్టాల్లో గాలి తీయాలి. ఆదివారం భీమునిపట్నంలో గాలి తీసేవాడు దొరకలేదు. సోమవారం నుంచి అప్పలసూరి కొలువు కూర్మన్నపాలెంలో, ఆ ఆఫీసరు దగ్గర. కారుని అక్కడే వదిలి, గుమ్మడికాయ చంకన పెట్టుకుని విజయరత్నం గారు బస్సెక్కారు.

దారిలో తగరపువలసలో బస్సు డ్రైవరు ఇంజను ఆపి టీకి దిగాడు. ఆపకూడదని ఆయన అతనికి చెప్పలేదు.