ఎర్ర శాలువా, బొమ్మ రైలు

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, చెప్పులు వేసుకోవడం, బొమ్మ రైలెక్కి కిటికీ పక్కన కూర్చోవడం. ఇందులో కొంపలు ముంచే పని ఒక్కటీ లేదు. కాకపోతే పథకం వేసింది గేటమ్మ, నడిపించవలసింది ఆవిడ మొగుడు గేటుమాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

రోడ్డు రైలుపట్టాలను దాటే చోట, బండి వచ్చే ముందు గేటు వేసి, పోయాక తీసేవాణ్ణి గేటుమాను అంటారు. ఈయన ఆ పనిలోనే జుట్టు తెల్లబరచుకుని మొన్నీమధ్యే దిగిపోయాడు. ఆయన ఉద్యోగం దిగాడు గాని, ఉద్యోగం ఆయన్ను దిగలేదు. దయ్యమైనా వేపమండకు దిగుతుంది, ఇది దేనికీ దిగలేదు. ఎక్కడ కూత వినబడినా ముద్ద కంచంలో వదిలి లేచేవాడు. పక్కింటి కుక్కరు కూత వేస్తే పరుగెత్తుకెళ్ళి వీధి తలుపు మూసి, ఆఖరి కూత అయ్యాక తీసేవాడు. ఆ లోపల వచ్చిన చుట్టాలు గుమ్మం బయటే నిలబడేవారు. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ చుట్టాలనే అడగండి.

గేటమ్మకు ఇవేవీ బాధ కాదు. ఆవిడ బాధ పెళ్ళయిన మర్నాడు మొదలైంది. కొత్త దంపతులిద్దరూ రైలెక్కారు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, సిగ్గుపడుతూ పక్కన చోటు ఉంచింది. ఆయన వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. దారిలో గేటొచ్చిన చోటల్లా తోటి గేటుమాను పచ్చజెండా చూపిస్తాడు కదా, బదులుగా చెయ్యెత్తకపోతే మర్యాద కాదన్నాడు. దిగే ఊరు వచ్చేదాకా ఆ మర్యాద సాగింది. ఆ తరవాత ఎన్ని రైళ్ళెక్కినా అదే తంతు. ఆవిడ పక్కన ఎవరో ముసలాయన కూర్చుని భుజం మీద గురకపెట్టేవాడు, మొగుడు మాత్రం తలుపు దగ్గర చేతులూపుతూ ఉండేవాడు.

అందుకే అల్లుడు వచ్చి, "మామయ్యగారూ, వినోదాల పార్కులో రెండు రోజులు క్యాబిన్ తీసుకున్నాను. మనందరం వెళ్దాం. పార్కు చుట్టూ తిరిగే బొమ్మ రైలు కూడా ఉంది," అనగానే గేటమ్మ మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఒక్కసారంటే ఒక్కసారి నా పక్కన కూర్చోవాలి. చుట్టు పూర్తయ్యేదాకా లేవకూడదు, చెయ్యెత్తకూడదు."

"నీ మీద ఒట్టే."

"నా మీద వద్దు. నాకింకా కొన్నాళ్ళు బతకాలని ఉంది. మీ పచ్చజెండా మీద వెయ్యండి."

గేటుమాను నేలకేసి చూశాడు. వంటింటి గోడకేసి చూశాడు, పైకప్పుకేసి చూశాడు. చివరికి వేశాడు. "ఈసారి గాని తప్పారో, ఈ జన్మకు మళ్ళీ మీతో రైలెక్కను," అంది గేటమ్మ. ఆవిడ నవ్వుతూ అనలేదు.

పార్కు పక్కన చెరువు, చెరువు ఒడ్డున చెట్ల మధ్య వరసగా చెక్క క్యాబిన్లు. తెల్లవారేసరికి మంచు ఎంత చిక్కగా పట్టిందంటే, వరండాలో నిలబడి చెయ్యి చాపితే సొంత వేళ్ళు పక్కింటివాళ్ళవిలా కనిపించాయి. కూతురు ఇంకా దుప్పటి తీయలేదు. మనవరాలు పిడుగు మంచం మీద గెంతుతోంది. గేటమ్మ తన ఎర్ర శాలువా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"మొదటి బండికి జనం ఎగబడతారట. మీరు ముందెళ్ళి ఇది పరిచి రెండు సీట్లు ఆపండి. కిటికీ పక్కవి. ఈ పిడుగుకు కోటు తొడిగి నేను వెనకాలే వస్తాను."

"సరే."

"దారిలో ఎక్కడా ఆగకండి."

"ఆగడానికి ఏముందే అక్కడ?" అంటూ ఆయన బయల్దేరాడు.

నిజంగానే ఏమీ లేదు. లోకమంతా పాలలో నానబెట్టినట్టుంది. పార్కులోని జెయింటు వీలు పై సగాన్ని మబ్బు మింగేసింది, కింది సగం గాలిలో వేలాడుతోంది. అట్ట కోట ఒకటి చెరువులో తలకిందులుగా నిలబడి నిద్రపోతోంది. ఎక్కడో ఎవరో సబ్బు బుడగలు ఊదే యంత్రాన్ని సరిచూస్తున్నారు కాబోలు, రంగురంగుల బుడగలు మంచులోంచి వచ్చి, ఆయన మీసానికి తగిలి, చప్పుడు లేకుండా పగిలిపోతున్నాయి. తాను నడుస్తున్నాడో, నిద్రలో ఉన్నాడో ఆయనకే తెలియలేదు. 'గేట్లు లేని లోకం ఎంత హాయిగా ఉంది!' అనుకున్నాడు. అనుకుని అడుగు వెయ్యబోయి కిందికి చూశాడు. కాలి ముందు పట్టాలున్నాయి.

కాలిబాట పట్టాలను అడ్డంగా దాటి పోతోంది. గేటు లేదు. కనీసం గేటులా నటించే కర్రయినా లేదు. ఆ బొమ్మ రైలు మనిషితో పందేనికి దిగితే మనిషే గెలుస్తాడనీ, దానికి గేటు వెయ్యడమంటే తాబేలుకు కళ్ళెం వెయ్యడమేననీ ఆయనకు తెలుసు. నిన్న సాయంత్రం కళ్ళారా చూశాడు కూడా. అయినా కాళ్ళు కదలనన్నాయి. అవతలి గట్టున, రాయి విసిరితే పడేంత దూరంలో రైలు ఆగే చోటు కనిపిస్తోంది. వెళ్ళి శాలువా పరిస్తే పథకం గట్టెక్కినట్టే. సరిగ్గా అప్పుడే మంచులో ఎక్కణ్ణుంచో, పసిపిల్ల కల కన్నట్టు, సన్నగా ఒక కూత వచ్చింది.

చింత చచ్చినా పులుపు చావదు. తరవాతి సంగతులు గేటుమాను చెయ్యలేదు, ఆయన చేతులు చేశాయి. అవి పక్క క్యాబిన్ వరండాలో ఉన్న దండెం తాడు విప్పాయి. కాలిబాటకు అడ్డంగా, దీపస్తంభానికీ చెట్టుకూ మధ్య బిగించి కట్టాయి. ఎర్ర శాలువాను దులిపి గాలిలోకి ఎత్తాయి. ఆ పైన గొంతు వాటికి తోడైంది.

"ఆగండి! బండొస్తోంది! ఎక్కడివాళ్ళక్కడే!"

ఆ గొంతు మామూలుది కాదు. లారీలను, పెళ్ళి ఊరేగింపులను, ఒకసారి మదమెక్కిన ఎద్దును ఆపిన గొంతు. పాలబండి తోసేవాడు ఆగిపోయాడు. సైకిళ్ళ మీది పిల్లలు ఆగిపోయారు. పసిపాపను తోపుడు బండిలో తిప్పుతున్న జంట ఆగింది. పార్కులో ఎలుగుబంటి వేషం కట్టే ఆయన ఒళ్ళంతా బొచ్చుతో, వేషం తల చంకలో పెట్టుకుని డ్యూటీకి పోతూ తానూ ఆగాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎర్రగుడ్డ పట్టుకుని ధీమాగా నిలబడ్డవాణ్ణి ఎందుకని అడిగేవాళ్ళు ఏ లోకంలోనూ లేరు.

బొమ్మ రైలు మలుపు తిరిగింది. షెడ్డులోంచి ఖాళీగా వస్తోంది. అంటించుకున్న గడ్డంతో డ్రైవరు ఈల పాట పాడుకుంటూ వచ్చి, ఎర్ర శాలువా చూసి గుండె గుభేల్మని బ్రేకు వేశాడు. రైలు తాడుకు నాలుగడుగుల అవతల ఆగింది.

"ఆగావేం? పోవయ్యా!" అన్నాడు గేటుమాను.

"ఎర్రది ఊపి పొమ్మంటారేంటండీ? ఎర్రది కనిపిస్తే ఆగమని మాకు నేర్పారు. అది దించండి, పోతాను."

"దించితే జనం పట్టాల మీదికొస్తారు. ముందు నువ్వు పో, అప్పుడు దించుతాను."

"దించకుండా పోతే నా ఉద్యోగం పోతుంది."

"నువ్వు పోకుండా దించితే నా పరువు పోతుంది."

డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. అది ఊడి చేతికి వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని ఫోను తీసి, "సార్, ఇక్కడ ఎర్రజెండా చూపిస్తున్నారు. ఎందుకో తెలీదు. మనిషి మాత్రం బాగా తెలిసినవాడిలా ఉన్నాడు," అని పైకి చెప్పాడు. పైవాళ్ళు ఇంకా పైవాళ్ళకు చెప్పారు. చెప్పగా చెప్పగా గోరంత కొండంతయింది. పార్కులో తిరిగేవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జెయింటు వీలు ఆగింది, గుర్రాల రంగులరాట్నం ఆగింది, సబ్బు బుడగలు కూడా ఆగాయి.

మేనేజరు బ్యాటరీ బండిలో రొప్పుతూ వచ్చాడు.

"తప్పుకోండి, నేను మేనేజర్ని!"

"మేనేజరైతే రైలు మెత్తగా గుద్దుతుందా? తాడు వెనక్కి జరగండి," అన్నాడు గేటుమాను. మేనేజరు జరిగాడు. జరిగాక ఎందుకు జరిగానా అని ఆలోచించాడు గాని, అప్పటికే ఆయన వెనక ఇంకో పదిమంది చేరిపోయారు.

గేటుమానుకు మాత్రం లోపల చెమటలు పడుతున్నాయి. చేస్తున్నది తప్పని తెలుసు. అవతల ఆపవలసిన సీట్లు ఖాళీగా కళ్ళముందే ఉన్నాయి. ఇవతల చెయ్యి దించుదామంటే అది దిగడం లేదు. బండి దాటకుండా ఆయన ఏనాడూ గేటు తీసినవాడు కాదు. పచ్చజెండా ఒకటి ఉంటే రైలుకు చూపించి పంపేసేవాడే. కాని అది ఇంట్లో బీరువాలో, ఒట్టు బరువుతో పడుకుని ఉంది.

ఈ లోపల వేషగాడికి చెవులు చల్లబడ్డాయి. చంకలోని ఎలుగుబంటి తల తీసి పెట్టుకున్నాడు. వరస చివర, మంచులో ఉన్నవాళ్ళు ముందున్నవాళ్ళను, "ఎందుకు ఆపారు?" అని అడుగుతూ తలెత్తి చూసేసరికి బారెడు ఎత్తున బొచ్చు కనిపించింది.

"ఎలుగు! బాబోయ్, ఎలుగుబంటి!"

ఆ కేకకు జనం చెల్లాచెదురయ్యారు. వేషగాడు అసలే పిరికివాడు. ఎలుగుబంటి అనగానే ఆయనా ప్రాణాలరచేత పెట్టుకుని పరుగెత్తాడు. ఆయన ఎటు పరుగెడితే అటువాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. వాళ్ళు అరిచేకొద్దీ ఎలుగు తన వెనకాలే ఉందని ఆయన ఇంకా వేగం పెంచాడు. అలా తననుంచి తాను పారిపోతూ క్యాబిన్లన్నీ చుట్టేసి, ఎక్కడ తలుపు తెరిచి ఉంటే అక్కడ దూరిపోయాడు. అది గేటమ్మ క్యాబిన్.

గేటమ్మ పిడుగుకు కోటు గుండీలు పెడుతోంది. లోపలికి వచ్చిన ఎలుగుబంటి తలుపు గడియ పెట్టి, కుర్చీలో కూలబడి, తల ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి. బయట ఎలుగుబంటి తిరుగుతోంది."

గేటమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. "నీకేం భయం లేదులే నాయనా, అది నిన్నేం చెయ్యదు. అసలు ఈ గోలంతా ఏంటి?"

"పట్టాల దగ్గర ఎవరో పెద్దాయనమ్మా. ఎర్ర శాలువా పట్టుకుని రైలును కదలనివ్వట్లేదు, మమ్మల్నీ కదలనివ్వట్లేదు."

గేటమ్మ మరో మాట అడగలేదు. పిడుగును చంకనేసుకుని బయల్దేరింది. నీళ్ళు తాగి గుండె దిటవు చేసుకున్న ఎలుగుబంటి వెనకాలే నడిచింది. ఆ గోలకు దుప్పటి తీసిన కూతురూ, చొక్కా తిరగేసి తొడుక్కున్న అల్లుడూ ఆ వెనక.

మంచులోంచి భార్య వస్తుంటే గేటుమాను చూశాడు. నోరు ఎండిపోయింది. అయినా ఆ పాడు నోరు ఊరుకోలేదు.

"ఆగు! బండుంది!"

గేటమ్మ తాడు దగ్గర ఆగింది. తాడును చూసింది. రైలును, గడ్డం లేని డ్రైవరును, చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజరును చూసింది. శాలువాను కాస్త ఎక్కువసేపు చూసింది.

"సీటు ఆపమంటే బండినే ఆపారా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. గేటుమాను తల దించుకున్నాడు గాని చెయ్యి దించలేదు. "పచ్చది లేదే," అన్నాడు, బడిలో పలక పోగొట్టుకున్నవాడిలా.

గేటమ్మ నిట్టూర్చింది. ఆవిడా గేటు పక్క గదిలోనే కాపురం చేసిన మనిషి. ఆ చెయ్యి ఎలా దిగుతుందో లోకంలో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. చంకలోని పిడుగును తాడు మీదుగా మొగుడికి అందించింది. పిడుగు ఒంటి మీద కోటు చిలకపచ్చగా ఉంది.

గేటుమాను మొహం వెలిగిపోయింది. శాలువా భుజాన వేసుకుని, మనవరాల్ని రెండు చేతులా పట్టుకుని, ఆకాశానికి ఎత్తాడు. పిడుగు కిలకిలా నవ్వుతూ చేతులు చాపింది. రైలు కూత వేసింది. ఖాళీ పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, కలలో దొర్లినట్టు, మెల్లగా దాటిపోయాయి. ఆయన తాడు విప్పాడు. అవతల ఆగి ఉన్న బుడగలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.

"తాతా, మళ్ళీ!" అంది పిడుగు.

"ఇంక లేదమ్మా," అన్నాడు తాత, గేటమ్మ వంక చూడకుండా.

జనం రైలెక్కారు. గేటుమాను అందరికన్నా ముందెక్కి, కిటికీ పక్కన రెండు సీట్ల మీదా శాలువా పరిచి, ఒక అంచు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఆ పైన దేవుడు కూత వేసినా లేవకూడదనుకున్నాడు. గేటమ్మ పిడుగును కూతురికిచ్చి, చివరగా మెట్టెక్కి తలుపు కమ్మీ పట్టుకునేలోపే బండి కదిలింది.

పొద్దుటి దెబ్బకు మేనేజరు బెదిరిపోయి, దారిలో ప్రతి కాలిబాట దగ్గరా ఒక మనిషిని నిలబెట్టమని ఫోనులో చెప్పేశాడు. మొదటి బాట దగ్గర ఎలుగుబంటి నిలబడి ఉంది, చేతిలో పచ్చ తువ్వాలు. రైలు తలుపు దగ్గర తనకు నీళ్ళిచ్చిన తల్లిని చూడగానే అది తువ్వాలు ఊపి, రెండో పంజా ఎత్తి నిండుగా సలాము చేసింది. గేటమ్మ అటూ ఇటూ చూసింది. తనకే. చెయ్యెత్తకపోతే బాగుండదని కాస్త ఎత్తింది. రెండో బాట దగ్గర ఊడ్చే ఆవిడ పచ్చ చీపురు ఎత్తింది. ఆవిడ వెనక తాడు అవతల పిల్లలు, పాలబండివాడు, పేరు తెలియని ముఖాలు, అందరూ గేటమ్మకే చేతులూపుతున్నారు. ఈసారి ఆవిడ చెయ్యి భుజం దాటి లేచింది.

"ఏమే, వచ్చి కూర్చో," అన్నాడు గేటుమాను లోపల్నుంచి.

"ఉండండి, ఇంకో గేటొస్తోంది."

"చూడు, చెరువు ఎంత బాగుందో."

"అవతల మనిషి చెయ్యెత్తితే బదులివ్వకుండా కూర్చోమంటారా? మర్యాదేనా?" అంది గేటమ్మ. ఆవిడ కళ్ళు మంచులో తళతళలాడుతున్నాయి. "ఇన్నేళ్ళూ ఈ సుఖమంతా ఒక్కరే అనుభవించారన్నమాట, నాకు ఒక్క ముక్క చెప్పకుండా!"

గేటుమాను చేతుల్ని తొడల కిందికి ఇంకాస్త తోసుకున్నాడు. ఒట్టు ప్రకారం లేవలేదు, చెయ్యెత్తలేదు. బండి మంచులోంచి మంచులోకి సాగింది. తలకిందుల కోటలు, సగం సగం చక్రాలు కిటికీ ముందు తేలిపోయాయి.

ఆవిడ కోసం ఆపిన సీటులో చుట్టు పూర్తయ్యేదాకా శాలువాయే కూర్చుంది.