హాల్లో వెలసిన సరస్సు

శనివారం తెల్లవారి అయిదున్నరకి బయల్దేరాలి. ఎండ ముదిరేలోగా నూటపాతిక కిలోమీటర్లు దాటి సరస్సు ఒడ్డున టెంటు వేసుకోవాలి. రెండు రాత్రులు అక్కడే గడిపి సోమవారం సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇదీ అద్దాలాయన ప్లాను. జీవితంలో మొదటిసారి మోటారు సైకిలు మీద క్యాంపింగుకి వెళ్తున్న మనిషి కాబట్టి, ప్లానంతా కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించాడు. కాగితంలో అన్నీ ఉన్నాయి. ఎందుకు వెళ్తున్నాడో మాత్రం లేదు. అది రాసుకునే విషయం కాదు.

అద్దాలాయనకి బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆయనకి అడవుల మీదా సరస్సుల మీదా మోజేమీ లేదు. దోమ కుడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తే రకం. ఆయన బాధల్లా తోడల్లుడు. టైల్స్ కంపెనీలో పనిచేసే ఆ తోడల్లుడు ఈ ఏడాదిలో నాలుగుసార్లు క్యాంపింగుకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకోకుండా కుటుంబం గ్రూపులో ఫోటోలు పెట్టాడు. టెంటు, టెంటు ముందు కుర్చీ, కుర్చీలో తోడల్లుడు, చేతిలో టీ కప్పు. మామగారికి చూపు సరిగ్గా ఆనదు కాబట్టి ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని ఒక్కో ఫోటో వివరించేవాడు. "ఇది కొండ మామయ్యగారూ. ఇది సూర్యోదయం. ఇది నేను." మామగారు తలాడించి, "చిన్నల్లుడు తిరిగే మనిషి" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అద్దాలాయనకి కడుపులో నిప్పులు పోసినట్టుండేది.

ఒట్టి మెచ్చుకోలే అయితే ఎలాగో దిగమింగేవాడు. కానీ మామగారి దగ్గర ముప్ఫయ్యేళ్ళనాటి మోటారు సైకిలొకటి ఉంది. ఇళ్ళకి కరెంటు పనులు చేసినన్నాళ్ళూ ఆయన దాని మీదే ఊరంతా తిరిగారు. బండి వీధి చివర ఉండగానే ఇంట్లో టీ నీళ్ళు పెట్టేసేవారు, అంత చప్పుడు దానిది. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళ క్రితం తోలడం మానేసినా, రోజూ తుడిచి, పాపాయికి కప్పినట్టు దుప్పటి కప్పుతారు. పోయిన నెల ఆయనే ప్రకటించారు, "తిరిగేవాడికే నా బండి. ఎవరికిస్తానో ఈ సెలవులయ్యాక చెప్తాను." అద్దాలాయనకి పెళ్ళయిన నాటి నుంచీ ఆ బండి మీద కన్ను. పెద్దల్లుడికి దక్కాల్సిన బండి పోయి తోడల్లుడి గుమ్మం ముందు నిలబడుతుందన్న ఊహకే ఆయనకి తిండి సయించడం మానేసింది.

అందుకని రంగంలోకి దిగాడు. ముందు మామగారిని దుకాణానికి పిలిచి, గంటసేపు కళ్ళు పరీక్ష చేసి, ఉన్నవాటిల్లోకెల్లా మంచి అద్దాలు బిగించిన కళ్ళజోడు పెట్టాడు. మామగారు మెట్ల మీద నిలబడి చాలాసేపు రోడ్డు చివరికే చూస్తూ ఉండిపోయారు. ఇదే సమయమని, "ఈ మూడు రోజులకీ బండి ఇప్పించండి మామయ్యగారూ, సరస్సుకి వెళ్ళొస్తాం" అని అడిగేశాడు. మామగారు కాస్త ఆలోచించి తాళంచెవి ఇచ్చారు. దుకాణానికి వచ్చే ఆసామి ఒకాయన టెంటు అరువిచ్చాడు, చిరగకుండా తిరిగిమ్మని మరీ మరీ చెప్పి.

"మనకి అలవాటు లేని పని. ముందు ఒకసారి వేసి చూడండి" అంది భార్య శుక్రవారం సాయంత్రం. చిక్కు అక్కడే వచ్చింది. హాల్లో సోఫా జరిపి టెంటు వేశారు. బ్రహ్మాండంగా నిలబడింది. శనివారం తెల్లవారి విప్పబోతే మాత్రం రాలేదు. టెంటుని నిలబెట్టే సన్నటి గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరి బిగుసుకుపోయాయి. అద్దాలాయన లాగాడు, తిప్పాడు, వేణ్ణీళ్ళు పోశాడు, కళ్ళజోళ్ళ మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. టెంటు చలించలేదు. అలాగే ఎత్తుకుపోదామంటే గుమ్మం మూడడుగులు, టెంటు ఏడడుగులు. కోసేద్దామంటే అరువు సొత్తు.

"టెంటు వదిలేసి వెళ్దామండీ. అక్కడేదైనా గది తీసుకుంటే పోయె" అంది భార్య.

"గదిలో మంచం మీద పడుకున్న ఫోటో చూసి మీ నాన్న బండి ఇస్తారా?"

ఏడింటికి గ్రూపులో తోడల్లుడి మెసేజి వచ్చింది. "బయల్దేరారా అన్నయ్యా?" పక్కనే పళ్ళికిలించి నవ్వుతున్న బొమ్మ. ఆ బొమ్మ లేకపోతే అద్దాలాయన నిజమే చెప్పేవాడేమో. "ఎప్పుడో" అని కొట్టాడు. ఒక్క మాటే కదా అనుకున్నాడు. పది గంటలకి మామగారి మెసేజి. "చేరారా? ఫోటో పెట్టండి."

దుకాణానికి రంగులు వేయించినప్పుడు తీసి అటక మీద పడేసిన పోస్టరొకటి అద్దాలాయనకి గుర్తొచ్చింది. దూరపు చూపు పరీక్షించడానికి వాడేది. నీలం సరస్సు, వెనక కొండలు. భార్యకి సంగతి చెప్పగానే ఆవిడ నడుం మీద చేతులు వేసుకుంది.

"మా నాన్నకి అబద్ధం చెప్తే నేనూరుకోను. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి. ఇందులో సిగ్గేముంది?"

సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోనుకి చెల్లెలి మెసేజి వచ్చింది. "జాగ్రత్త అక్కా. బండెక్కితే నీకు నడుంనొప్పి కదా. ఇలాంటివి అలవాటున్నవాళ్ళకే." ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. లోపలికెళ్ళి, నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలతో తిరిగొచ్చింది.

"పోస్టరు ఎక్కడుందన్నారు?"

పోస్టరు గోడకి అంటించారు. నేల కనబడకుండా ఎండుటాకులు తెచ్చి పోశారు. సరస్సు గాలికి జుట్టు ఎగరాలని భార్య టేబుల్ ఫ్యాను పెట్టించింది. ఫోను చెప్పుల స్టాండుకి ఆనించి, ఇద్దరూ టెంటు ముందు కూర్చుని ఫోటో దిగారు.

"కుడివైపు ఏదో తెల్లగా కనబడుతోందండీ."

"మబ్బు" అన్నాడు అద్దాలాయన ఫోనుని చేతి పొడుగునా దూరంగా పట్టుకుని. నలభై దాటితే దగ్గర చూపుకి అద్దాలు తప్పవని ఊరందరికీ చెప్పే మనిషి, తనకి నలభై మూడొచ్చినా ఆ అవసరం రాలేదనే నమ్ముతున్నాడు.

ఫోటో వెళ్ళింది. మామగారు వెంటనే అడిగారు. "బాగుంది. బండి ఏదీ?"

గుమ్మానికి రెండు మెట్లున్నాయి. మెట్ల మీద చెక్క వేసి, అద్దాలాయన ముందు నుంచి లాగుతూ, భార్య వెనక నుంచి నెడుతూ, నూట అరవై కిలోల ఇనుమును హాల్లోకి ఎక్కించారు. బండి నేల మీద నూనె కార్చింది. దానికీ టెంటుకీ మధ్య మనిషి దూరే సందు మిగల్లేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే టెంటు ముందు తలుపులోంచి దూరి వెనక తలుపులోంచి తేలాల్సిందే. రెండో ఫోటో వెళ్ళింది.

గ్రూపులో తోడల్లుడు ఇరవై నిమిషాలు పలకలేదు. అద్దాలాయనకి ఈ మధ్యకాలంలో అంత సుఖమైన ఇరవై నిమిషాలు దొరకలేదు. చివరికి ప్రశ్న వచ్చింది. "ఏ సరస్సు అన్నయ్యా?"

"పోయిన నెల నువ్వు వెళ్ళిందే తమ్ముడూ."

జవాబు అయిదు నిమిషాలకి వచ్చింది. "ఓ, అదా. పెద్దగా ఏం ఉండదు అక్కడ."

ఈసారి అత్తగారు మధ్యలోకి వచ్చారు. "చిన్నల్లుడికి దారి తెలుసు కదా. మమ్మల్ని కారులో తీసుకురామను. మేమూ చూస్తాం." కాసేపటికి తోడల్లుడు, "అలాగే అత్తయ్యగారూ" అన్నాడు. ఈసారి నవ్వు బొమ్మ లేదు.

అద్దాలాయన కుడితిలో పడ్డ ఎలుకలా టెంటులో అటూ ఇటూ తిరిగాడు. ఏదో ఒకటి చెప్పి ఆపాలి. "రావద్దు. దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది" అని రాసేశాడు. రాశాక ప్రాణం కుదుటపడింది. నిమిషంలో అత్తగారి దగ్గర్నుంచి ఫోన్.

"కల్వర్టు కొట్టుకుపోతే మీరెలా వస్తారు నాయనా?"

"మేం దాటాక కొట్టుకుపోయిందండి. సోమవారానికి బాగుచేస్తారట."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. అద్దాలాయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదేమిటి?"

"పక్షండి. ఇక్కడి పక్షులు అలాగే కూస్తాయి."

రెండో కూత వినబడింది. మూడోది కూడా. భార్య టెంటులోంచి పాకుతూ వెళ్ళి స్టవ్ ఆపింది.

"మూడేనా?" అన్నారు అత్తగారు.

"మూడేనండి."

"సరే" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. అద్దాలాయన నుదురు తుడుచుకుని, గండం గడిచిందని భార్యకి సైగ చేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ టెంటులో కూర్చుని పళ్ళేలు ముందు పెట్టుకున్నారు. తలుపు చప్పుడైంది. బండి అడ్డం ఉండటం వల్ల గడియ వేసే వీల్లేకపోయిన తలుపు అది. సందు చేసుకుని ముందు మామగారు పక్కగా లోపలికొచ్చారు. వెనక అత్తగారు. ఆవిడ వెనక, చెమటలు కక్కుతూ తోడల్లుడు.

అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అల్లుడి పళ్ళెం దాటుకుంటూ టెంటులోంచి వంటింట్లోకి వెళ్ళారు. కుక్కరు మూత తీసిన చప్పుడైంది.

"నాలుగో కూత కూడా రానివ్వాల్సింది. అన్నం పలుకు మీద ఉంది" అన్నారు అక్కణ్ణుంచే.

అద్దాలాయనకి భూమి చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. మామగారు మాత్రం కోపంగా లేరు. పోస్టరు దగ్గరికెళ్ళి దాని కుడి అంచున గోడని తడిమారు.

"నువ్విచ్చిన కళ్ళజోడు అద్భుతం అల్లుడూ. సరస్సు అవతలి ఒడ్డున నా స్విచ్‌బోర్డు కనబడింది. ఈ ఇంటికి వైరింగు చేసింది నేనే కదా. రెండో స్విచ్చు వంకరగా కూర్చుందని పదేళ్ళుగా నాకే చిరాకు. అందులోంచి ఫ్యాను వైరు సరస్సులోకి దిగుతోంది."

తోడల్లుడు పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు. మామగారు అతని వైపు తిరిగారు.

"నువ్వు నవ్వకు. కల్వర్టు సంగతి తర్వాత, సరస్సు దారి పట్టమంటే ఊరు దాటాక మొదటి మలుపులోనే కుడో ఎడమో తెలీక కారు ఆపేశావు. నాలుగుసార్లు వెళ్ళినవాడివి. అసలు పొద్దున్న నీ ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. అడవిలో టైల్స్ ఎవరు పరిచారయ్యా?"

"అవి జారవు మామయ్యగారూ" అన్నాడు తోడల్లుడు అలవాటుగా.

"నాలుగు అడవుల్లోనూ ఒకటే నీళ్ళ ట్యాంకు. మీ డాబా మీద నేను మోటారు బిగించిన ట్యాంకు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ తోడల్లుణ్ణి చూస్తే అద్దాలాయనకి ఏడాదిగా మండుతున్న కడుపు చల్లబడింది. తన పరువు పోయిందన్న సంగతే మర్చిపోయాడు. పైపెచ్చు ధైర్యం వచ్చింది. ఇద్దరూ ఒకటే తప్పు చేసినప్పుడు పెద్దవాడికే కదా న్యాయం.

"మరి బండి ఎవరికి మామయ్యగారూ?"

మామగారు బండి సీటు మీద చెయ్యి వేశారు. "నేను తోలడం మానింది మోకాళ్ళ వల్ల కాదయ్యా. కళ్ళ వల్ల. లారీకీ దాని నీడకీ తేడా తెలియలేదు ఒకరోజు. బయటికి చెప్పుకోలేక మోకాళ్ళ మీద నెట్టాను. దుప్పటి కప్పిన ప్రతిసారీ ఏడుపొచ్చేది. పోయినవారం నీ దుకాణం మెట్ల మీద నిలబడి, రోడ్డు చివరనున్న లారీ నంబరు చదివాను."

"అయితే అప్పుడే మీరు..."

"ఆ క్షణంలోనే నీకు తాళం ఇవ్వబుద్ధి కాలేదు. కానీ మాటిచ్చాను. తిరిగేవాడికే ఇస్తానన్నాను. నువ్వు నిజంగా సరస్సు చూసొచ్చి ఉంటే బండి నీదే. నేను నోరెత్తేవాణ్ణి కాదు. వెళ్ళకుండా నువ్వు నన్ను గట్టెక్కించావు."

అద్దాలాయన గోడ మీది సరస్సు వైపు చూశాడు. నూటపాతిక కిలోమీటర్లు. టెంటు లేకుండా, గదిలో, మంచం మీద పడుకున్నా సరిపోయేది. భార్య ఆ మాట అననే అంది.

మామగారు వంగి, బండి కార్చిన నూనెని వేలితో అద్ది టెంటు గొట్టాల అతుకుల దగ్గర రాశారు. ఒక్కసారి మెలితిప్పి లాగారు. పొద్దున్నించీ చలించని టెంటు నేల మీద కుప్పకూలింది. అత్తగారు వంటింట్లోంచి రెండు టిఫిను డబ్బాలతో వచ్చి, కూతురి నెత్తి మీది టోపీ తీసి తను పెట్టుకున్నారు.

"ఎక్కడికమ్మా?"

"సరస్సుకి. మీ నాన్నకి ఇప్పుడు దారి కనబడుతోంది."

అల్లుళ్ళిద్దరూ బండిని మెట్లు దింపారు. ముందు నుంచి పెద్దల్లుడు, వెనక నుంచి చిన్నల్లుడు. టెంటు మడిచి బండి వెనక కట్టింది కూడా వాళ్ళే. మామగారు ఒక్క తన్నుతో బండి లేపారు. వీధి చివర మలుపు తిరిగాక కూడా దాని చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆదివారం పొద్దున గ్రూపులో ఫోటో వచ్చింది. టెంటు, బండి, టోపీతో అత్తగారు, ఒక మూల మామగారి బొటనవేలు, వెనకంతా నీళ్ళు. తోడల్లుళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని, అద్దాలాయన దుకాణంలోంచి తెచ్చిన భూతద్దం పట్టుకుని దాన్ని అంగుళం అంగుళం వెతికారు. స్విచ్‌బోర్డు ఎక్కడా కనబడలేదు.