పోర్టులన్నీ తెరిచెయ్యండి, ప్రమోషన్ అదే వస్తుంది!

కంపెనీల సర్వర్లు నడిపే డెవాప్స్ ఇంజనీర్లు కావాలని ఉవ్విళ్లూరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ మేలు కోరి చెబుతున్నాను. నెట్‌వర్కింగ్ బేసిక్స్ జోలికి మాత్రం పోకండి!

నవ్వకండి. ఆరేళ్లుగా ఈ ఉద్యోగం వెలగబెడుతున్నవాణ్ని. ఐపీ అడ్రస్ చూస్తే నాకిప్పటికీ ఎవరిదో పాత ఫోన్ నంబరులాగే ఉంటుంది. అయితే ఏం తక్కువైంది? మూడు ప్రమోషన్లు కొట్టాను.

తెలియనివాడికి ఎంత ప్రశాంతతో ఆలోచించండి! సర్వర్ పలకట్లేదా? రీస్టార్ట్ చేస్తాను. అయినా పలకట్లేదా? కాపలా గోడలాంటి ఫైర్‌వాల్‌లో పోర్టులనే తలుపులన్నీ లోకానికంతటికీ బార్లా తెరిచేస్తాను. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, "డీఎన్ఎస్ ప్రాబ్లం" అని గంభీరంగా ప్రకటించి టీకి వెళ్తాను. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పేదట. నోరులేనిది, పాపం. ఎన్ని నిందలైనా మోస్తుంది.

ఇంటర్వ్యూలు కూడా నేనే చేస్తాను. మొన్న ఒకమ్మాయిని సబ్‌నెట్ అంటే ఏమిటని అడిగాను. బోర్డు మీద బొమ్మ గీసి మరీ పావుగంట చెప్పింది. ఒప్పో తప్పో నాకెలా తెలుస్తుంది? "టీంలో కలవదు" అని రాసి పంపించేశాను.

మా ఆఫీసులో ఒకావిడ ఉండేది. అందరం నెట్‌వర్క్ అక్క అనేవాళ్లం. ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా చీటీ అంటించి, అది ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో గుండ్రటి అక్షరాలతో రాసేది. బుధవారం నాలుగింటికి చిన్న మీటింగ్ రూంలో బేసిక్స్ క్లాసు పెట్టేది. ఆరేళ్లలో నేనొక్కసారీ వెళ్లలేదు. నేనే కాదు, ఎవరూ వెళ్లలేదు. కుర్చీలకే చెప్పుకునేది కాబోలు!

ఒకసారి నాకు సెక్యూరిటీ మీద ప్రేమ పుట్టింది. బయటివాళ్లెవరూ సర్వర్‌లోకి రాకూడదని ఫైర్‌వాల్‌లో రూలు పెట్టాను. ఎంటర్ కొట్టాక గుర్తొచ్చింది, నేనూ బయటే ఉన్నానని! కస్టమర్లు బయట, నేను బయట. అక్క కీబోర్డు చంకన పెట్టుకుని సర్వర్ రూంకి నడిచి, లోపలే కూర్చుని నా రూలు తీసేసింది.

"ఏరా, ముందు నీకు దారి ఉంచుకుని కదా మిగతావాళ్లకి తలుపెయ్యాలి?"

"తెలీలేదక్కా."

"తెలీకపోతే తప్పు కాదు నాయనా. బుధవారం రా."

వెళ్లలేదు. ఎందుకు వెళ్తాను? "రెండు గంటల్లో సర్వర్‌ని బతికించిన వీరుడు" అని ఆ నెలే నాకు షీల్డిచ్చారు! చంపిందెవరని ఎవరూ అడగలేదు.

అదే మీటింగులో మేనేజరుగారు అక్క వైపు తిరిగారు. "మూడేళ్లుగా మీ నెట్‌వర్క్ వైపు నుంచి ఒక్క ప్రాబ్లమూ రాలేదు. మరి మీరు చేస్తున్న పనేంటమ్మా?" అన్నారు. ఆహా, ఏం లాజిక్కు! నెల తిరక్కుండా ఆవిణ్ని ఇంటికి పంపించి, ఆవిడ కుర్చీ నాకిచ్చారు. షీల్డు వెనక్కిచ్చి నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. సిగ్గుగా ఉంది, కానీ చెప్పలేదు.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి. కొత్త కుర్చీ కదా, సెక్యూరిటీ మీద నాకు మళ్లీ ప్రేమ పుట్టింది. ఈసారి తెలివిగా సర్వర్ రూం లోపలే కూర్చుని రూలు పెట్టాను. వెంటనే నా లాప్‌టాప్‌తో సహా ఆఫీసంతా నెట్ పోయింది. పోతే పోయింది, బయటికెళ్లి టీ తాగుదామని తలుపు దగ్గర కార్డు గీకాను. తెరుచుకోలేదు. ఆ కార్డు మిషను కూడా ఇదే నెట్‌వర్క్ మీద నడుస్తుందట. నాకేం తెలుసు?

సెల్ తీసి అక్కకి ఫోన్ చేశాను.

"కంగారుపడకు. తలుపు కేబుల్ తీసి, నీ రూలు తగలని వేరే స్విచ్ పెట్టెలో గుచ్చితే చాలు. చీటీ మీద డోర్ అని ఉంటుంది, చూడు."

చూశాను. నాలుగు వందల కేబుళ్లు. ఒక్కదానికీ చీటీ లేదు.

"చీటీలు చూడ్డానికి బాలేవని సోమవారం నేనే పీకించానక్కా."

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"ఇవాళ ఏ వారం రా?"

"బుధవారం."

"టైమెంత?"

"నాలుగు."

"ఎక్కడికీ వెళ్లవుగా?"

"వెళ్లలేనక్కా."

"అయితే రాసుకో. ఐపీ అడ్రస్ అంటే..."